ఆ ఇంటి శ్రుతి

ఓర్లాకి నూట ఇరవై కార్డులు వచ్చు. గిటార్ మీద ఏ వేలు ఎక్కడ పెడితే ఏ స్వరాలు కలిసి ఏ కార్డు పలుకుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. కానీ ఒక్క బాణీ పక్కన వాయించడం మాత్రం ఆమెకి చేతకాలేదు. ఆ బాణీ వాళ్ళమ్మది.

ఇది ఐర్లాండ్‌లో, పడమటి సముద్రం ఒడ్డున ఒక పల్లెలో జరిగింది. ఊరి పేరు చెప్పినా మనకి నోరు తిరగదు, వదిలేద్దాం. అక్కడ ఏడాదిలో సగం రోజులు వాన పడుతుంది, మిగతా సగం రోజులు వాన పడేలా ఉంటుంది. ఇంక మనుషులు ఏం చేస్తారు? వంటింట్లో పొయ్యి పక్కన కుర్చీలు వేసుకుని ఫిడేలు వాయించుకుంటారు. మనం కాఫీ తాగినంత మామూలుగా.

ఓర్లా తల్లి ఊనా ఫిడేలు వాయించేది. చుట్టుపక్కల నాలుగు ఊళ్ళలో ఆమెది చాలా మంచి చెయ్యి. ఆమె పోయి పద్నాలుగేళ్ళయింది. ఏటా నవంబరు మొదటి ఆదివారం ఊరివాళ్ళు చర్చి పక్క హాల్లో చేరి, ఆమె బాణీలు నాలుగు వాయించి, టీ తాగి ఇళ్ళకి వెళతారు. ఈ ఏడు ఓర్లా ఒక మాట అడిగింది. అమ్మ వాయించిన క్యాసెట్ ఒకటి ఇంట్లో ఉంది, హాల్లో అది పెట్టి దాని పక్కన నేను గిటార్ వాయిస్తాను అంది. అందరూ సరేనన్నారు.

అమ్మ బతికుండగా ఓర్లా ఏనాడూ ఆమె పక్కన కూర్చుని వాయించలేదు. పదిహేడేళ్ళప్పుడు ఆమెకి ఒక కరెంటు గిటార్, ఒక నల్ల చొక్కా, టౌన్లో ఒక బ్యాండు ఉండేవి. అమ్మది ముసలివాళ్ళ సంగీతం. అమ్మ పిలిస్తే రేపు చూద్దాంలే అనేది. ఆ రేపు రాకముందే ఊనా జబ్బుపడి పోయింది. ఇప్పుడు అమ్మతో ఒక్కసారి, ఒకే ఒక్కసారి, కలిసి వాయించాలని ఓర్లాకి ప్రాణం కొట్టుకుంటోంది.

అందుకే మాలకీ దగ్గరికి వెళ్ళింది.

మాలకీ ఆ ఊళ్ళో ఉత్తరాలు పంచి రిటైరైన ముసలాయన. ఇరవై ఏళ్ళపాటు ఊనా ఫిడేలు పక్కన గిటార్ వాయించింది ఆయనే. ఊనా పోయాక మళ్ళీ ఎవరి పక్కనా వాయించలేదు. వేళ్ళకి వాతం వచ్చిందని ఊళ్ళో అనుకున్నారు. ఆయన కాదనలేదు. గిటార్ మాత్రం వంటింటి గోడకి, పింగాణీ పళ్ళేల అలమర పక్కన, వేలాడుతూ ఉండేది.

ఓర్లా ఆయన్ని మాస్టారూ అని పిలిచేది. ఉత్తరాలు పంచేవాడికి ఈ బిరుదులేమిటని మొదట్లో విసుక్కున్నాడు, తరవాత అలవాటుపడ్డాడు.

మొదటి రోజే ఆమె గిటార్ మీద ఆరు తీగల్లో మూడింటిని వదులు చేయించాడు. మన లెక్కలో చెప్పాలంటే ఆరు తీగలూ స, ప, స, మ, ప, స అయ్యాయి. మీటితే తంబుర దగ్గర కూర్చున్నట్టుంది. ఓర్లా తన పాత కార్డు ఒకటి పట్టి చూసింది. ఏదో పలికింది గానీ అది కార్డు కాదు. పదిహేనేళ్ళు కూడబెట్టిన చదువు మూడు మరల తిప్పుడుతో పోయింది.

ఆ శ్రుతిలో గాంధారం లేదు. బాణీ సంతోషంగా ఉందో దిగులుగా ఉందో తేల్చేది ఆ స్వరమే. అదే లేకపోతే ఎలాగని ఓర్లా అడిగింది.

"అది చెప్పాల్సింది ఫిడేలు. నువ్వు కాదు," అన్నాడు మాలకీ.

ఆరు నెలలు అలాగే గడిచాయి. ఆయన కార్డులు నేర్పలేదు. బాణీ నోటికి వచ్చేదాకా తీగ ముట్టనిచ్చేవాడు కాదు. ఓర్లా ఆయన వంటింట్లో బంగాళాదుంపల చెక్కు తీస్తూ బాణీలు పాడేది. ఎక్కడైనా తప్పితే మళ్ళీ మొదటినుంచి. ఆ ఆరు నెలల్లో ఆమె సంగీతం ఎంత నేర్చుకుందో గానీ దుంపల చెక్కు మాత్రం కాగితమంత పల్చగా తీయడం నేర్చుకుంది.

కొన్ని పద్ధతులు కూడా చెప్పాడు. అక్కడ పదిమంది కూడి వాయించేటప్పుడు ఒక బాణీని మూడుసార్లు తిప్పి వాయిస్తారు, మూడోసారి అయ్యాక ఇంకోదానికి వెళతారు. ఎన్ని ఫిడేళ్ళైనా ఉండొచ్చు, ఎన్ని వేణువులైనా ఉండొచ్చు, గిటార్ మాత్రం ఒక్కటే. ఇంకో గిటార్ వాయించేవాళ్ళు వస్తే మొదటివాడు తనది ఒళ్ళో పడుకోబెట్టి ఊరుకోవాలి. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు కదా.

ఇవన్నీ ఆయన నోటితోనే చెప్పేవాడు. గోడ మీది గిటార్ ఒక్కసారీ దించలేదు. అడిగితే బాగుండదని ఓర్లా అడగలేదు.

అక్టోబరు చివర్లో ఒక రోజు ఆమె సెల్‌ఫోన్ పట్టుకుని హుషారుగా వచ్చింది. అమ్మ క్యాసెట్‌ని కంప్యూటర్లోకి ఎక్కించి బాగుచేశాను, వినండి మాస్టారూ అని టేబుల్ మీద పెట్టింది. ఫిడేలు మొదలైంది. మాలకీ చేతిలో టీ కప్పుతో నిలబడి మూడు చుట్లూ విన్నాడు. అయిపోయాక కప్పు కడిగి బోర్లించాడు.

"ఎవరు వాయించింది?" అన్నాడు.

ఓర్లా ఫోను కేసి చూసింది. అమ్మే కదా అంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. తాను గుర్తుపట్టలేకపోయానన్నాడు.

ఓర్లాకి కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. తను ఎంత కష్టపడిందో వరసగా చెప్పుకొచ్చింది. గిటార్ తలకి తగిలించే చిన్న యంత్రం ఉంటుంది, శ్రుతి కుదిరితే అందులో పచ్చదీపం వెలుగుతుంది. అమ్మ క్యాసెట్ పెడితే ఆ దీపం ఒక్కసారీ వెలగలేదు. ఫిడేలు సగం స్వరం కంటే కాస్త తక్కువగా దిగి ఉంది. టేపు పాతబడి సాగిపోయి ఉంటుందని తను దాన్ని పైకి లాగి సరిచేసింది. మొదట్లో ఉన్న చప్పుళ్ళు తీసేసింది. అమ్మ అదే బాణీని మూడోసారి తరవాత కూడా వాయిస్తూ పోయింది, సాధన చేసుకుంటోంది కాబోలని పద్ధతి ప్రకారం మూడు చుట్ల దగ్గర కత్తిరించింది. ఇంతకన్నా ఎవరు చేస్తారు?

మాలకీ అంతా విన్నాడు. కొండనాలికకి మందేస్తే ఉన్న నాలిక ఊడిందని మనం అంటాం. ఆయన ఆ మాట అనలేదు.

"క్యాసెట్ తీసుకురా," అన్నాడు.

ఓర్లా వారం దాకా రాలేదు.

ఆమె రాకపోవడానికి కారణం ఉంది. ఆ టేపు మొదట్లో ఉన్నవి ఉత్త చప్పుళ్ళు కావు. ముందు కుర్చీ జరిగిన చప్పుడు. తరవాత అమ్మ గొంతు, "ఈసారి నువ్వు కూడా కూర్చుంటావా, ఓర్లా?" అని. ఆ తరవాత తలుపు ధడాలున మూసుకున్న చప్పుడు. ఆ తలుపు వేసింది ఓర్లానే. బ్యాండువాళ్ళ వ్యాను బయట హారన్ కొడుతోందని వెళ్ళిపోయింది. ఆ చలికాలం దాటకుండానే ఊనా పోయింది. పద్నాలుగేళ్ళలో ఓర్లా ఆ ముక్క విన్నది ఒక్కసారే, అదీ కత్తిరించడానికి.

వారం తరవాత ఒక మధ్యాహ్నం, రేపు ఆదివారమనగా, వానలో తడుచుకుంటూ వచ్చింది. కోటు లోపలినుంచి క్యాసెట్ తీసి టేబుల్ మీద పెట్టి, వినకపోతే కుదరదా మాస్టారూ అంది. మాలకీ బీరువా పైనుంచి పాత టేప్‌రికార్డరు దించి దుమ్ము తుడిచాడు. ఆ రోజు ఊనా ఇంట్లో ఆమె వాయిస్తుంటే ఆయన రికార్డు చేసింది దానిమీదే. తరవాత గోడ దగ్గరికి వెళ్ళి గిటార్ దించాడు.

ఓర్లా తన గిటార్ సంచీ విప్పబోయింది. వద్దని సైగ చేసి, తన గిటార్ తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు. కుర్చీని టేబుల్‌కి ఆనించి జరిపాడు. టేప్‌రికార్డరున్న టేబుల్ అంచుకి గిటార్ అంచు తగిలేలా సర్ది, ఆమె రెండు చేతులూ తీసి ఆమె మోకాళ్ళ మీద పెట్టాడు.

"తీగలు ముట్టకు," అన్నాడు.

మీట నొక్కాడు.

కుర్చీ జరిగింది. అమ్మ గొంతు వచ్చింది. తలుపు పడింది. ఓర్లా తల వంచుకుంది. మాలకీ టేపు ఆపలేదు, ఆమె వైపు చూడనూ లేదు. కిటికీ దగ్గర నిలబడి వాన చూస్తున్నాడు.

ఫిడేలు మొదలైంది. అమ్మ ఫిడేలు. పైకి లాగనిది, దేనికీ సరిచేయనిది. కాస్త కిందగా, కాస్త మెత్తగా, వంటింట్లోంచి పిలిచినట్టు ఉంది.

రెండో చరణంలో షడ్జం మీద అమ్మ కమాను సాగదీసినప్పుడు ఓర్లా ఉలిక్కిపడింది. గిటార్ పలుకుతోంది. ఎవరూ ముట్టలేదు. చెక్క ఆమె పొట్టకి ఆని సన్నగా వణుకుతోంది. చూస్తే కింద తీగ కదులుతోంది. అమ్మ పంచమానికి వెళ్ళింది, ఇంకో తీగ కదిలింది. అమ్మ ఎక్కడికి వెళితే అక్కడి తీగ తనంతట తాను ఊ కొడుతోంది.

తీగ అలా పలకాలంటే శ్రుతి వెంట్రుకవాసి తేడా లేకుండా కుదరాలి. గోడమీంచి దించాక మాలకీ ఒక్క మరా తిప్పలేదు. తను చూస్తూనే ఉంది.

"ఇది అమ్మ శ్రుతిలో ఉంది," అంది ఓర్లా.

అప్పుడు ఆయన చెప్పాడు, వాన వైపే చూస్తూ. ఊనా ఇంట్లో శ్రుతి చూసుకోవడానికి వాళ్ళమ్మ కాన్సర్టినా ఒకటి ఉండేది. రెండు అరచేతుల మధ్య పట్టే చిన్న గాలిపెట్టె, మన హార్మోనియానికి తమ్ముడనుకోవచ్చు. అది ముసలిదై కిందికి దిగిపోయింది. దిగినా ఊనా తన ఫిడేలుని దానికే కలిపేది. తరవాత ఎలకలు దాని తిత్తి కొట్టేశాయి, పారేశారు. కానీ ఆ శ్రుతి ఊనా చెవిలో ఉండిపోయింది. ఆ ఇంటికి ఎవరొచ్చినా, కోటు విప్పి కొక్కేనికి తగిలించకముందే తీగలు ఆ శ్రుతికి దించుకోవాలి. టేపు సాగలేదు. ఆ ఇల్లే అంత. పక్క గదిలో చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని పెరిగిన పిల్లకి ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

ఓర్లా ఒళ్ళో గిటార్ కేసి చూసింది.

"పద్నాలుగేళ్ళూ ఈ శ్రుతికే కలుపుతూ ఉంచారా?"

"పైకి బిగిద్దామనే అనుకున్నాను," అన్నాడు మాలకీ. "బిగించాలనిపించలేదు."

ఊరందరి శ్రుతికన్నా కిందగా ఉన్న గిటార్‌తో ఎవరి పక్కన కూర్చుంటాడు? ఆయన వేళ్ళకి వాతమూ లేదు, ఏమీ లేదు. ఓర్లాకి అప్పుడు అర్థమైంది.

మొదటి చుట్టు అయింది. రెండోది అయింది. ఓర్లా వింటూ వింటూ ఎన్నాళ్ళుగానో ఉన్న అనుమానం ఒకటి అడిగింది. ఇరవై ఏళ్ళు అమ్మ పక్కన వాయించినవారు, ఆ రోజు అదే గదిలో ఉన్నవారు, ఈ టేపులో మీ గిటార్ ఎందుకు లేదు మాస్టారూ అని. టేప్‌రికార్డరు చూసుకుంటూ ఉన్నారని ఊళ్ళో అంటారు.

"మీట నొక్కి వదిలేస్తే అదే తిరుగుతుంది. దాన్ని చూసుకునేదేముంది?" అన్నాడు ఆయన. "గిటార్ ఒళ్ళోనే ఉంది. మీ అమ్మ నన్ను ఊరుకోమంది."

ఒక బాణీకి ఒకే గిటార్. ఆ పద్ధతి ఓర్లా ఇదే వంటింట్లో, దుంపలు చెక్కుతూ, ఆయన దగ్గరే నేర్చుకుంది.

మూడో చుట్టు ముగింపుకొచ్చింది. తను కత్తిరించిన చోటు అదే. పద్ధతి ప్రకారం బాణీ అక్కడితో సరి. ఓర్లా చెయ్యి చాచి ఆపబోయింది. మాలకీ కిటికీ దగ్గరనుంచి వచ్చి, టేప్‌రికార్డరు మీద తన అరచెయ్యి పెట్టాడు.

ఫిడేలు ఆగలేదు. నాలుగోసారి మొదలుపెట్టింది. ఓర్లా ఆయన ముఖం చూసింది. ఆయన చెయ్యి తియ్యలేదు. వంటింట్లో వాన చప్పుడు, అమ్మ ఫిడేలు, ఒళ్ళో తీగల సన్నటి హోరు, అంతే. నాలుగోది అయింది. ఐదోది మొదలైంది. కమాను కొంచెం అలిసినట్టుంది. ప్రతి చుట్టు చివరా ఒక చిన్న విరామం ఉంది. ఓర్లా దాన్ని ఇప్పటిదాకా వినలేదు. ఎవరైనా వచ్చి కూర్చోడానికి సరిపోయేంత విరామం.

"ఎందుకిన్నిసార్లు వాయించింది?" అని అడిగింది.

"నేనూ ఆ రోజు అదే అడిగాను."

"ఏమంది?"

"వాయిస్తూ మాట్లాడే అలవాటు లేదు మీ అమ్మకి. తలుపు వైపు చూసింది."

ఓర్లా రెండు చేతులతో ముఖం కప్పుకుంది. మాలకీ ఆమెని ఏడవనిచ్చాడు. ఊరుకోమని అనలేదు. ఐదో చుట్టు సగానికొచ్చాక, టేప్‌రికార్డరు మీంచి చెయ్యి తీసి, ఆమె ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఖాళీ చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఇది ఐదోది," అన్నాడు. "నీకు ఇంకా రెండు చుట్లున్నాయి."